ఎముకల బలమూ, వంశపారంపర్యమూ
(ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము వేదిక ఎక్కితే కరవు భత్యం గురించో, ఖాళీల భర్తీ గురించో మాట్లాడుతామని మీరు ఎదురుచూస్తారు. ఈనాడు ఎముకలను గురించి మాట్లాడవలసి వచ్చినది.

గత వర్షాకాలంలో ఒక సార్టింగ్ కార్యాలయంలో పనిచేసే సోదరి తడిసిన నేలపై జారిపడగా మణికట్టు విరిగినది. పైకప్పు కారుతున్నదని అంతకు ముందే రెండుసార్లు వ్రాసి ఇచ్చి ఉన్నాము. డ్యూటీలో జరిగిన ప్రమాదంగా పరిగణించి సెలవు మంజూరు చేయవలసినదిగా ఆమె దరఖాస్తు పెట్టుకున్నది. పై నుంచి వచ్చిన సమాధానం ఏమనగా, ఆమె తల్లికి కూడా తుంటి ఎముక విరిగినదట, కనుక ఇది ఆ కుటుంబంలోని బలహీనతే తప్ప ప్రమాదం కాదట! ఆసుపత్రి చీటీలో తల్లి సంగతి వ్రాసి ఉండడమే దీనికి ఆధారం. ఆమె ఆ కాగితం పట్టుకొని మా వద్దకు వచ్చి, “అన్నా, ఇది నిజమేనా?” అని అడిగినది. సమాధానం చెప్పడానికి ముందు మేమే చదువుకోవలసి వచ్చినది.

ఎముక రాయి వంటిది కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు జీవితాంతం దానిలో పనిచేస్తూనే ఉంటాయి. దాదాపు ముప్ఫై ఏండ్లు వచ్చేసరికి ఎముకల సాంద్రత గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆపైన కాలక్రమేణా కట్టడం కంటె కరగడం ఎక్కువవుతుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత కొన్ని సంవత్సరాల పాటు ఈ క్షయం వేగంగా సాగుతుంది. ఎముక గుల్లబారి చిన్న దెబ్బకే విరిగే స్థితిని వైద్యులు ఆస్టియోపోరోసిస్ అంటారు.

ఇందులో వంశపారంపర్యం పాత్ర ఉన్నది. దానిని కాదనడం మన పని కాదు. ఏకరూప కవలలను, మామూలు కవలలను పోల్చి చూసిన పరిశోధనలలో, ఎముకల సాంద్రతలోని తేడాలలో 50 నుంచి 85 శాతం వరకు జన్యువులకు సంబంధించినవని తేలినది. అయితే ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. ఒక మనిషి ఎముకలో ఇన్ని వంతులు తల్లిదండ్రులు ఇచ్చారని దీని అర్థం కాదు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ గల తేడాల లెక్క ఇది. అందరికీ ఒకే తిండి, ఒకే ఎండ దొరికే చోట మిగిలే తేడా ఎక్కువగా జన్యువులదే అవుతుంది. తిండిలోనే హస్తిమశకాంతరం ఉన్న చోట లెక్క మారిపోతుంది.

పైగా ఇది ఏ ఒక్క జన్యువు పనీ కాదు. బ్రిటన్‌లో 4 లక్షల మందికి పైగా ప్రజల సమాచారాన్ని పరిశీలించి 2018 చివర ప్రకటించిన అధ్యయనం, ఎముకల సాంద్రతతో సంబంధం గల 518 జన్యుస్థానాలను గుర్తించినది. ఒక్కొక్కటి చేసేది స్వల్పమే. ఒకే జన్యువులోని మార్పు పెను ఫలితం చూపే కుటుంబాలు అరుదు. ఎల్.ఆర్.పి.5 అనే జన్యువు దెబ్బతింటే పసితనం నుంచే ఎముకలు విరుగుతాయని 2001లో, అదే జన్యువులో మరొక విధమైన మార్పు వస్తే ఎముకలు అసాధారణంగా గట్టిపడతాయని 2002లో వెల్లడైనది.

తల్లికి గాని తండ్రికి గాని తుంటి విరిగి ఉంటే సంతానం జాగ్రత్త పడవలసినదే. ఎముక విరిగే ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2008లో వచ్చిన ఫ్రాక్స్ పద్ధతిలో ఈ ప్రశ్న ఉన్నది; పొగత్రాగడం, మద్యం, స్టెరాయిడ్ మందుల గురించి కూడా అడుగుతారు. మన సోదరి చీటీలో వైద్యుడు తల్లి సంగతి వ్రాసినది ఆమెకు తగిన పరీక్ష, చికిత్స జరగడానికి. సెలవు ఎగవేయడానికి కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, 30 నుంచి 60 ఏండ్ల మధ్య గల పేద స్త్రీల ఎముకల సాంద్రత సంపన్న దేశాల స్త్రీల కంటె బాగా తక్కువగా ఉన్నట్లు తేలినది. వారి ఆహారంలో కాల్షియం కూడా చాలా తక్కువే. వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాములు అవసరమని 2020లో మన దేశపు సిఫారసు. వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మన పెద్దల రాగిసంకటిని నామోషీ అనుకొని వదిలిపెట్టినవారిలో మేమూ ఉన్నాము. రాత్రంతా దీపాల క్రింద ఉత్తరాలు సార్టు చేసి పగలు నిద్రపోయేవారికి ఎండ ఎక్కడిది, విటమిన్ డి ఎక్కడిది?

వంశం పేరు చెప్పి పరిహారం ఎగవేసే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో బర్లింగ్టన్ నార్తర్న్ శాంటా ఫే రైల్వే కార్మికులు కొందరు పని వలన మణికట్టు నరాల బాధ వచ్చినదని చెప్పగా, కంపెనీ వారి రక్తం తీసుకొని, వారికి చెప్పకుండా జన్యుపరీక్షలు చేయించినది. వ్యవహారం బయటపడగా అక్కడి సమానోపాధి అవకాశాల కమిషన్ 2001 ఫిబ్రవరిలో కోర్టుకు వెళ్ళినది. కార్మిక సంఘమూ పోరాడినది. పరీక్షలు ఆగిపోయినవి. 2002లో 36 మందికి 22 లక్షల డాలర్ల వరకు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకున్నది. అక్కడ బాధ నరాలది, ఇక్కడ ఎముకది. వాదన మాత్రం ఒకటే.

ఆ సోదరి తరఫున మేము వ్రాసిన జవాబులో, ఎముక ఎవరి నుంచి వచ్చినా నేలపై నీరు మాత్రం కార్యాలయం పైకప్పు నుంచే వచ్చినదని పేర్కొన్నాము. యాభై దాటిన మహిళా ఉద్యోగులకు, తల్లిదండ్రులకు తుంటి విరిగిన చరిత్ర గలవారికి విభాగపు ఆసుపత్రులలోనే సాంద్రత పరీక్ష జరిపించాలనీ, ఆ ఫలితం వైద్యుని వద్దనే ఉండాలనీ కోరినాము. పరీక్షల విషయం పరిశీలిస్తామన్నారు. సెలవు విషయం ఇంకా తేలలేదు. వచ్చే నెల సమావేశపు చర్చనీయాంశాలలో దానిని మొదటి అంశంగా చేర్చినాము.