అన్నం తగ్గిస్తే ఆ చోట ఏం పెట్టాలి?



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఇది: బరువు తగ్గాలనుకునేవాళ్లు అన్నానికి బదులు ఏం తినాలి? జవాబు ముందే చెప్పేస్తాను. అన్నం బదులు ఇంకో గింజ తింటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. కూర ఎక్కువ తినాలి, పప్పు తినాలి, చారు తాగాలి, గుడ్డో చేపో తినాలి. అన్నం మానక్కర్లేదు, కంచంలో దాని వాటా తగ్గితే చాలు. ఇక మీదట చెప్పేదంతా దానికి కారణాలూ, లెక్కలూ, వంటింట్లో చేసుకోవాల్సిన మార్పులూ.

బరువు తగ్గడానికి సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే చెప్పే మాట ఒకటుంది. "రాత్రిపూట అన్నం ముట్టుకోవడం లేదండీ, చపాతీలే." ఎన్నాళ్లుగా అంటే రెండేళ్లంటారు, మూడేళ్లంటారు. మరి బరువు? "అదేనండీ, తగ్గట్లేదు." ఇందులో చపాతీ చేసిన పాపం ఏమీ లేదు. మనమే దాని మీద లేనిపోని ఆశ పెట్టుకున్నాం.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న విభాగంగా మొదలై, తర్వాత మన హైదరాబాదుకు వచ్చింది. దేశంలో జనం తినే పదార్థాలను పరీక్షించి 2017లో ఆ సంస్థ వెలువరించిన పట్టికలు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. వండని గింజ వంద గ్రాముల్లో ఎన్ని కేలరీలున్నాయో వినండి. బియ్యంలో 356. సజ్జల్లో 348. జొన్నల్లో 334. రాగుల్లోనూ గోధుమపిండిలోనూ 320 దగ్గర. ఈ వరస మొత్తానికీ పైకీ కిందకీ తేడా 36 కేలరీలు. ఒక్క చెంచాడు నూనెలో 45 ఉంటాయి. గింజ మార్చి ఆదా చేసుకున్నది పెనం మీద చెంచాడు నూనెతో హరించుకుపోతుంది.

చపాతీ సంగతే చూద్దాం. ముప్పై గ్రాముల పిండితో మధ్యరకం చపాతీ వస్తుంది, సుమారు 100 కేలరీలు. దాన్ని మన ఇళ్లలో ఉత్తగా కాల్చరు, రెండు వైపులా నూనె వేసి తిప్పుతారు. అప్పుడది 140 దాటుతుంది. మూడు చపాతీలంటే 420కి పైనే. పక్కన కొబ్బరీ జీడిపప్పూ నూరి పోసిన కుర్మా ఉండనే ఉంది. వండిన అన్నం మూడు వందల గ్రాములు, అంటే ఓ మోస్తరు కంచం నిండా పెట్టుకున్నా, 390 దగ్గర ఆగుతుంది. చపాతీలతో తగ్గినవాళ్లు లేరా అంటే ఉన్నారు. చపాతీకి లెక్క ఉంటుంది, అన్నానికి ఉండదు. "ఇంకో చపాతీ వెయ్యనా" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అన్నం హస్తం మాత్రం అడక్కుండానే కంచంలోకి వచ్చి పడుతుంది. వాళ్లను తగ్గించింది ఆ లెక్కే.

సిరిధాన్యాల గురించి కూడా ఇక్కడే ఒక మాట. కొర్రలు, సామలు, అరికెలు, రాగులు, జొన్నలు, అన్నీ మంచివే. తెల్ల బియ్యంలో వందకు మూడు గ్రాముల లోపే పీచు ఉంటే, జొన్నల్లోనూ రాగుల్లోనూ పది గ్రాములకు పైగా ఉంటుంది. అరగడం నిదానం, కడుపులో కాసేపు నిలుస్తాయి. అయితే బియ్యం ఎసట్లో పోసినంత కొలతా కొర్రలు పోసి వండి, అంతా తినేసి, బరువు తగ్గలేదంటే ఆ తప్పు కొర్రలది కాదు. ఇక కొర్ర బిస్కెట్టు, రాగి లడ్డు, జొన్న మురుకులంటారా, అందులో పంచదారా బెల్లమూ నూనే పెద్దమనుషులు. పేరు మాత్రం జొన్నది.

బ్రెడ్డు మాటకొద్దాం. జ్వరం వస్తే బ్రెడ్డు తినడం మనకు అలవాటు కాబట్టి, అది తేలికైనదని మనసులో ముద్ర పడిపోయింది. వండిన అన్నం వంద గ్రాముల్లో 130 కేలరీలుంటే, బ్రెడ్డు వంద గ్రాముల్లో 250 దాకా ఉంటాయి. కారణం నీళ్లు. అన్నంలో మూడింట రెండొంతులు నీళ్లే. బ్రెడ్డులో మూడోవంతు కాస్త దాటుతుంది. దాన్నే మళ్లీ కాల్చి రస్కు చేస్తే ఆ కాస్త నీళ్లూ పోయి, వంద గ్రాములకు 400 చేరుతుంది. సాయంత్రం టీలో ముంచుకుని నాలుగు రస్కులు తినేవాళ్లు ఏమీ తిననట్టే చెప్తారు. నాలుగు ఇడ్లీలు, నాలుగు బ్రెడ్డు ముక్కలు కేలరీల్లో ఇంచుమించు సమానం. తూకం వేస్తే ఇడ్లీలు ఒకటిన్నర రెట్లకు పైనే తూగుతాయి, కడుపులో చోటూ అంతే పడతాయి. బ్రౌన్ బ్రెడ్డు కొనేవాళ్లు కవరు వెనక రాసిన వరస చదవండి. మొదటి పేరు మైదా అయితే, ఆ గోధుమ రంగు చాలాసార్లు కారమెల్ రంగు పుణ్యమే.

నీళ్ల సంగతి ఎత్తాను కదా, నా ఉపన్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. కడుపు నిండిందా లేదా అన్నది ఎన్ని కేలరీలు పడ్డాయన్న దాన్ని బట్టి మాత్రమే తేలదు. ఎంత బరువు పడింది, ఎంత నమిలాం, అందులో మాంసకృత్తులూ పీచూ ఎంత, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. 1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 పదార్థాలను తీసుకుని, ప్రతిదాన్నీ 240 కేలరీల లెక్కన కొలిచి జనానికి పెట్టింది. తిన్నాక రెండు గంటలపాటు ఆకలి ఎలా ఉందో అడిగి రాసుకుంది. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులనుకుంటే అన్నానికి 138 వచ్చాయి, గుడ్డుకు 150, నారింజకు 202, చేపకు 225. అన్నిటికంటే పైన నిలిచింది ఏమిటో తెలుసా? ఉడికించిన బంగాళాదుంప, 323. అదే దుంప నూనెలో వేగితే 116కి దిగిపోయింది. అట్టడుగున ఉన్నది వెన్న దట్టించి చేసే క్రొసాంట్, 47. దుంప మంచిదా చెడ్డదా అని నన్ను అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: ఉడికిందా, వేగిందా? షుగరు ఉన్నవాళ్లు మాత్రం ఉడికిన దుంపను కూడా అన్నం లెక్కలోనే వేసుకోవాలి.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త ఈ నీళ్ల విషయాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేశారు. 1999లో వెలువడిన పరిశోధనలో ఆమె బృందం ఒకే సరుకులతో ఒక పూట గట్టి వంటకం వండి పక్కన గ్లాసు నీళ్లిచ్చింది, ఇంకో పూట ఆ నీళ్లను వంటలోనే పోసి సూపు చేసింది. సూపు తాగిన రోజు ఆ తర్వాతి భోజనం తక్కువ తిన్నారు. పక్కన తాగిన నీళ్లు ఆ పని చేయలేదు. 2007 నాటి ఇంకో పరిశోధనలో, భోజనానికి ముందు తక్కువ కేలరీల సూపు ఇస్తే, సూపుతో కలిపి లెక్కేసినా ఆ పూట తిన్నది 20 శాతం తగ్గింది.

ఈ మాట విన్న రోజు నుంచీ నాకు మన చారు మీద గౌరవం పెరిగింది. పప్పుచారు, మిరియాల చారు, ఉలవచారు, మునక్కాడల పులుసు, పల్చటి మజ్జిగ పులుసు, ఇన్ని ఉన్నాయి మనకు. వాటినన్నిటినీ మనం అన్నం దిగడానికి వాడుకుంటున్నాం. చారు పోసుకోవడానికని ఇంకో హస్తం అన్నం, మజ్జిగలోకని మరో హస్తం. ఆ చారునే ముందు గ్లాసులో పోసుకుని, వేడివేడిగా, నిదానంగా తాగి, అప్పుడు కంచం ముందు కూర్చోండి. రక్తపోటు ఉన్నవాళ్లు అందులో ఉప్పు తగ్గించుకోండి.

మనం ఇంత అన్నం ఎందుకు తింటామన్నదానికీ ఒక చరిత్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరిచేలతో నిండిపోయింది. మెట్టప్రాంతాల్లో మాత్రం చాలాకాలం జొన్నన్నం, సంగటి, అంబలే గతి, వరి అన్నం పండగకో పెళ్లికో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేద ఇంట్లోనూ తెల్లన్నం రోజూ ఉడికింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు, అది ఎందరికో ఆకలి తీర్చింది. కాకపోతే ఆ కంచం నాగలి పట్టిన మనిషిది, నాట్లు వేసిన మనిషిది. ఇప్పుడు ఆ మనిషి మనవడు కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడు. పని మారింది, కంచం మారలేదు.

ఇక్కడ బల్ల మీద రెండు కంచాలు పెట్టించాను. వెనక ఉన్నవాళ్లు తర్వాత దగ్గరికొచ్చి చూడండి. మొదటి కంచంలో అన్నం 350 గ్రాములు. గరిటెడు పప్పు. ఓ పక్కన బెండకాయ వేపుడు, యాభై గ్రాములుంటుంది. ఊట నూనెతో ఆవకాయ బద్ద. చివర్లోకి కప్పు పెరుగు. మనలో చాలామంది మధ్యాహ్నం ఇదే తింటాం. మొత్తం 700 కేలరీలు దాటుతుంది.

రెండో కంచంలో అన్నం 130 గ్రాములు, చూడండి, ఓ చిన్న కప్పుడు. టమాటా పప్పు గిన్నెడు, 150 గ్రాములు. బీరకాయ కూర చెంచాడు నూనెతో వండింది, 200 గ్రాములు. ఉడికిన గుడ్డు ఒకటి. కీరదోస ముక్కలు ఒక గిన్నెలో. గ్లాసుడు పల్చటి మజ్జిగ. ఇదంతా కలిపి 500కు కాస్త అటూ ఇటూ. మొదటి కంచం బరువు ఆరు వందల గ్రాముల లోపు, రెండోది ఎనిమిది వందలు దాటింది. తక్కువ కేలరీలున్న కంచమే ఎక్కువ తూగుతోంది. శాకాహారులు గుడ్డు బదులు ఉడికించిన శనగలో, పెసలో ఓ చిన్న గిన్నెడు పెట్టుకోండి.

ఈ కంచాన్ని మునుపటి పద్ధతిలో తినడం కుదరదు. ఇంత కూరను ఇంత కాస్త అన్నంలో కలపలేం. మనం ఇన్నాళ్లూ కూర నంజుకుని అన్నం తిన్నాం. ఇకనుంచి అన్నం నంజుకుని కూర తినాలి. అందుకు కూరలో ఉప్పూ కారమూ తగ్గాలి. ముద్దముద్దకూ కాస్త తగిలించుకునే కూరను అదే ఘాటుతో గిన్నెడు తింటే నోరు మండిపోతుంది. మార్పు కంచంలో కంటే ముందు పోపు గిన్నెలో రావాలి. బీర, పొట్ల, ఆనపకాయ పాలు పోసిన కూర, తోటకూర పులుసు, క్యాబేజీ పెసరపప్పు, ఇలాంటివి గిన్నెడు తినడానికి పనికొస్తాయి. వేపుళ్లు పనికిరావు.

పూటకొక మాట చెప్తాను. ఉదయం పెసరట్టుకు నా ఓటు. నలభై గ్రాముల పెసలతో పల్చటి అట్టు వస్తుంది, చెంచాడు నూనెతో కలిపి 170 కేలరీల చిల్లర, అందులో తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు. మధ్యలో ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు చేశారంటే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పదకొండింటికి ఆకలైతే పల్చటి రాగి జావ: ఇరవై గ్రాముల పిండి, పెద్ద గ్లాసుడు నీళ్లు, ఓ చుక్క మజ్జిగ, 70 కేలరీలు. రాత్రికి తెలంగాణలోనూ రాయలసీమలోనూ కాల్చే జొన్న రొట్టె మంచిది. నూనె పడదు, దవడ నొప్పి పుట్టేదాకా నమలాలి, ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది. పక్కన పుల్లగూరో, చిక్కుడుకాయ కూరో దండిగా ఉండాలి.

మీలో కొందరు అడగబోయేవి నాకు తెలుసు. గంజి వారిస్తే సన్నబడతామా? కాస్త పిండి పోతుంది, దానితో బి విటమిన్లూ పోతాయి, మిగిలే లాభం స్వల్పం. చద్దన్నం? చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారేమాట నిజం, మజ్జిగ పోసుకుంటే ఎండాకాలానికి హాయి కూడా. కేలరీలు సగమైపోతాయన్న మాట మాత్రం నమ్మకండి.

ఒక హెచ్చరిక. షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఉన్నట్టుండి అన్నం తగ్గించేస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మీ డాక్టరుకు చెప్పి, మందు మోతాదు సరిచూసుకునే మొదలుపెట్టండి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు పప్పులూ గుడ్లూ పెంచేముందు అడిగి తీరాలి. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఈ లెక్కలేవీ వర్తించవు.

ఫలితం ఎంతంటారా? మధ్యాహ్నం ఒక్క పూట 200 కేలరీలు తగ్గితే నెలకు ఆరు వేలు. కిలో కొవ్వులో 7,700 దాకా ఉంటాయి కాబట్టి కాగితం మీద ముప్పావు కిలో. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిందీ తగ్గుతుంది కనుక, నిజానికి అంతకంటే కాస్త తక్కువే. నెలకు పది కిలోలని గోడల మీద రాసేవాళ్లతో నేను పోటీ పడలేను. ఆకలితో నకనకలాడకుండా ఏళ్ల తరబడి తినగలిగే కంచం మాత్రం ఇదే. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలూ ఈ దారిలోనే ఉన్నాయి: రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు తినాలి.

ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. రేపు కుక్కరులో బియ్యం పోసేముందు తూచి, తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. మనిషికి పూటకు ఎన్ని గ్రాములు వస్తోందో కేలండరు మీద రాసిపెట్టుకోండి. వచ్చే వారం అందులో నాలుగో వంతు తగ్గించి, కూరగాయలు రెట్టింపు తరగండి. వడ్డించేటప్పుడు కూర ముందు, అన్నం తర్వాత. కూరలు తరిగే పని ఎక్కువవుతుంది కాబట్టి, బరువు తగ్గాలనుకున్న మగవాళ్లు కత్తిపీట ముందు కూర్చుంటే ఆ ఇల్లాలు కూడా నా మాట వింటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.