మాత్ర ఒక్కటే చాలదు, పరీక్ష కూడా అడుగుదాం
(వాడలో జరిగిన ఆరోగ్య సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని, డాక్టర్ని కాను. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే గనక, వాడలో ఎవరికి ఆస్పత్రి కాయితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. అట్లా ఒక అక్క పదేళ్ళు తెచ్చింది. హెచ్.ఐ.వి. మాత్రలు ఒక్కరోజు తప్పకుండా మింగిన మనిషి. ముట్టు ఆగిపోయినాక మళ్ళీ రక్తం కనబడింది. సిగ్గుపడి చెప్పలేదు. ఆఖరుకి ఒక ఆస్పత్రికి పోతే, కార్డు చూసి దూరంగా నిలబెట్టి బలం మాత్రలు రాసి పంపారు. లోపల చూసినవాళ్ళు లేరు. గర్భసంచి మూతి కాన్సర్ అని తేలేసరికే ముదిరిపోయింది. పోయినేడు ఆమెను మట్టిచేశాం.

పదేళ్ళు ఆమె కాయితాలు చదివిన నేను, 'ఆ పరీక్ష చేయించుకున్నావా అక్కా' అని ఒక్కసారి అడగలేదు. నాకు తెలీదు. ఆ బాధతోనే ఇవాళ మాట్లాడుతున్నా.

హెచ్.ఐ.వి. ఉన్న ఆడవాళ్ళకి ఈ కాన్సర్ వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఆరు రెట్లు. ఎందుకు? దీనికి మూలం హెచ్.పి.వి. అనే ఇంకో వైరస్. అది చాలామందికి సోకుతుంది, ఎక్కువమంది ఒంట్లోంచి దానంతటదే పోతుంది. ఒంటిని కాపాడే శక్తిని హెచ్.ఐ.వి. తినేస్తే మాత్రం అది పాతుకుపోతుంది. మామూలుగా కాన్సర్‌గా మారడానికి 15, 20 ఏళ్ళు పడితే, వైద్యం లేక శక్తి తగ్గినవాళ్ళలో 5, 10 ఏళ్ళే చాలు. ఇది శాపం కాదు, నడత తప్పు అంతకన్నా కాదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1981లో అమెరికాలో ఎయిడ్స్ బయటపడినప్పుడు మొదట కనబడిన జబ్బుల్లో కపోసీ అనే అరుదైన కాన్సర్ ఒకటి. కొన్ని లింఫు గడ్డల కాన్సర్లూ ఇట్లాంటివే. 1993లో అక్కడ గర్భసంచి మూతి కాన్సర్‌ని కూడా ఎయిడ్స్ లక్షణాల్లో చేర్చారు.

మన దేశంలో ఉచిత ఎ.ఆర్.టి. మాత్రలు 2004లో మొదలైనై. వాటివల్ల మనవాళ్ళు బతుకుతున్నారు, కాన్సర్ ప్రమాదమూ తగ్గింది. అయితే పూర్తిగా పోలేదు. కాబట్టి మాత్ర మానొద్దు, మాత్ర ఉందిగదా అని ఊరుకోనూ వద్దు. చుట్ట, బీడీ, గుట్కా మానండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి పొగాకు మరింత చేటు.

పరీక్ష పెద్దదేం కాదు. వెనిగర్ లాంటి పులుపు మందు గర్భసంచి మూతికి పూసి చూస్తారు. చెడ్డచోటు తెల్లబడుతుంది. కాన్సర్ కాకముందే దాన్ని చల్లదనంతోనో వేడితోనో తీసేయొచ్చు. మన ప్రభుత్వం 2016లో పెట్టిన పద్ధతి 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి ఐదేళ్ళకొకసారి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి అది చాలదు. 25 ఏళ్ళనుంచే మొదలుపెట్టాలనీ, ఈ పులుపు పరీక్షయితే మూడేళ్ళకొకసారి చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

దూరంగా నిలబెట్టడం మనకి కొత్త కాదు. బావి దగ్గర చూశాం, బడిలో చూశాం. ఆస్పత్రిలో పడతామా? హెచ్.ఐ.వి. ఉందని వైద్యంలో వివక్ష చూపటం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషేధం. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

కార్యకర్తలకు ఒక్క మాట. మాత్రలకి పోయే ప్రతి అక్కతో తోడు పోండి. పేరు బయటపెట్టకండి. 'పరీక్ష ఎప్పుడు చేస్తారు' అని అక్కడే అడగండి. లేదంటే కాయితం మీద రాసిమ్మనండి. ఆ కాయితం నా దగ్గరికి తెండి. ఈసారి అడగవలసింది నాకు తెలుసు.

జై భీమ్.