దుబాయి జీతము, దుబాయి వ్యయము



ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చున్నపుడు మనలో ప్రతివాడును తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని రెండును అడుగును. ఆదాయము మాత్రము విని లేచిపోవువాడు నాకు నేటివరకు కనబడలేదు. కాని యింటి పిల్లవాడు దుబాయికి పోవునపుడు మనము ఆదాయమును మాత్రమే అడుగుచున్నాము. ఈ పొరపాటు నేనును చేసితిని. కావుననే నేడు మీయెదుట ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

నా శిష్యుడొకడు, మా యూరి రైతుకుమారుడు, దుబాయిలో నొక దుకాణమున పని కుదుర్చుకొనెను. జీతము నెలకు 2,000 దిర్హములు. అతని తండ్రి నాకడకు వచ్చి, "పంతులుగారూ, మన రూపాయలలో ఎంతగును?" అని యడిగెను. లెక్క సులువుగా నుండుటకై దిర్హమునకు 23 రూపాయలని గుణించి, 46,000 అని చెప్పితిని. ఆయన ముఖము వికసించెను. ఆ వారమే తన రెండెకరముల మాగాణిని హామీగా చూపి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 2,00,000 రూపాయలు తెచ్చి ఏజెంటు చేతిలో పోసెను. ఆ అప్పునకు నోటు వ్రాసినవాడను నేనే. నాడు గుణకారము చేసితిని గాని తీసివేత చేయ మఱచితిని.

దుబాయి పర్షియా సింధుశాఖ యొడ్డున నున్న రేవుపట్టణము. ఒకప్పుడు అచ్చట మన రూపాయయే చెల్లుచుండెను. 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతములకై ప్రత్యేకముగా నోట్లు ముద్రించెను. 1966 వరకు అవి అచ్చట చెలామణి యయ్యెను. 1973లో దిర్హము పుట్టెను. 1997 నుండి డాలరునకు 3.6725 దిర్హములని విలువ కట్టి నిలిపియున్నారు. రూపాయి తగ్గినపుడెల్ల దిర్హమునకు ఎక్కువ రూపాయలు వచ్చుననుట నిజమే. కాని మన కుఱ్ఱవాడు అచ్చట తినునది దిర్హములతోడనే. రూపాయి తగ్గినంతమాత్రమున వాని అద్దె తగ్గదు.

అది ఎడారినేల. త్రాగునీరు సైతము సముద్రజలమునుండి ఉప్పు తీసి చేయవలసినదే. ధాన్యము, కూరగాయలు చాలవఱకు ఓడలమీదను విమానములమీదను వచ్చును. జీతముపై ఆదాయపు పన్ను లేదు. అది గొప్ప యుపకారమే. అయినను 2018 జనవరి 1 నుండి కొనుగోళ్లలో చాలవానిపై నూటికి 5 వంతున పన్ను కలదు.

ఏడాది గడచిన పిమ్మట ఆ కుఱ్ఱవాడు తన నెల లెక్క వ్రాసి పంపెను. పడకచోటునకు 600 దిర్హములు. పడకచోటనగా గది కాదు. పలువురు పరుండు గదిలో ఒకదానిపై నొకటిగా నున్న మంచములలో నొక మంచము. నలుగురు కలిసి వండుకొను మెస్సునకు 400. మెట్రోరైలులో పోవుటకు 5, వచ్చుటకు 5, ఇట్లు 26 దినములకు 260. ఫోనునకు 100. సబ్బు, మందు, క్షౌరము, ఇంటికి డబ్బు పంపు రుసుము మొదలగు వానికి 140. మొత్తము 1,500. మిగిలినది 500 దిర్హములు, అనగా 11,500 రూపాయలు.

అందులో మొదటి నెల వడ్డీయే 4,000. అసలు తగ్గినకొలది వడ్డీయు తగ్గునని లెక్కించినను, మిగిలినదంతయు అప్పునకే కట్టినచో అది తీరుటకు దాదాపు 22 నెలలు పట్టును. అచ్చటి పని అనుమతి గడువు సాధారణముగా 2 ఏండ్లు. అనగా గడువులో 22 నెలలు వడ్డీవ్యాపారికి, 2 నెలలు తల్లిదండ్రులకు.

ఇపుడు ఇంకొక లెక్క చూడుడు. జీతము అదే 2,000. కాని యజమాని వసతి యిచ్చి, పనికి తన బస్సులో తీసికొనిపోవుననుకొందము. నగరపు అంచున ముహైస్నా యనుచోట అట్టి వసతులు కలవు. ఆ చోటును మనవారు సోనాపూరు అందురు. పేరులో బంగారమున్నను ఉండునవి ఇరుకు గదులే. అయినను 860 దిర్హములు మిగులును. నెలకు 1,360 చేతికి వచ్చును. ఆ యప్పే 7 నెలలలో తీరిపోవును. జీతములో ఒక్క దిర్హము భేదము లేదు, భేదము 15 నెలలు. కావున జీతమెంత యని యడుగుటకు ముందు వసతి యెవరిది, బండి యెవరిది, భోజనమెవరిది యని యడుగవలెను.

ఇక భార్యాబిడ్డలను తీసికొనిపోవువారి సంగతి. జీతము 4,000 దిర్హములున్నను, లేక వసతితోగూడ 3,000 ఉన్నను కుటుంబమునకు వీసా దొరకును. ఇది అనుమతికి చాలిన జీతమే గాని బ్రతుకునకు చాలినది కాదు. పడకగది యొకటి గల యిల్లు ఏడాదికి 60,000 అనుకొందము. నెలకు 5,000 అగును, జీతమును మించినది. అద్దెకు ముందుగా తేదీలు వేసిన చెక్కులీయవలెను. సామానులేని యింటికి ఏడాది అద్దెలో నూటికి 5 వంతున బయానా కలదు. నగరపాలక సంఘమువారి గృహశుల్కము నూటికి 5, అనగా నెలకు 250, నీటికరెంటు బిల్లుతో కలసి వచ్చును. ఆ కరెంటు పెట్టించుకొనుటకే 2,000 ధరావతు కట్టవలెను. వేసవిలో చల్లని గాలి యంత్రము లేనిదే ఆ యూర నిలువజాలరు.

పరదేశీయుల పిల్లలు చాలవఱకు చదువునది రుసుము గల ప్రైవేటు పాఠశాలలలోనే. ఉద్యోగికి ఆరోగ్యబీమా యజమాని కట్టును. భార్యాబిడ్డలకు సాధారణముగా తానే కట్టుకొనవలెను. ఇందుచే అనేకులు ప్రక్కనున్న షార్జాలో తక్కువ అద్దెకు కాపురముండి, దినమునకు గంటలకొలది దారిలో గడపుచున్నారు. అద్దెలో మిగిలినది ఆయుస్సులో చెల్లించుటయే గదా!

కాని పెద్దలారా, ఈ లెక్కలన్నిటిలో మిక్కిలి బరువైన ఖర్చు దుబాయిలోనిది కాదు. మన యూరిలో పుట్టిన అప్పు. మన దేశపు నిబంధనల ననుసరించి రిజిస్టరైన ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.; అంతకు మించరాదు. నియామకపు ఖర్చు పనివానివద్ద తీసికొనరాదని ఆ దేశపు 2021 నాటి కార్మికశాసనమే చెప్పుచున్నది. ఈ రెండు ముక్కలు నాకు నాడు తెలిసియున్నచో ఆ నోటు వ్రాయుటకు నా చేయి యాడియుండదు. చూడబోవు వీసాపై పంపి, పిదప పనివీసా యిప్పింతునను వానిమాట నమ్మరాదు; ఆ వీసాపై పనిచేయుట అచ్చట నేరము.

మరియొకటి. ఒప్పందపత్రములో మూలవేతన మెంతయో చూడుడు. ఏడాది నిండిన పనివానికి, పని వీడునపుడు మొదటి 5 ఏండ్లకు ఏడాదికి 21 దినముల వేతనము, తరువాతి యేండ్లకు 30 దినముల వేతనము గ్రాట్యుటీగా నిత్తురు. అది మూలవేతనముపైననే. 2,000లో మూలవేతనము 1,000 మాత్రమే యైనచో, ఏడాదికి రావలసిన 1,400 కాస్త 700 అగును.

పోవలదని నేను చెప్పుట లేదు. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి తీరములనుండి గల్ఫుదేశములకు పోయి, ఇండ్లు కట్టినవారు, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవారు కలరు. లెక్క చూచుకొని పొండనియే నా మనవి.

నా శిష్యుని అప్పు రెండవయేట తీరెను. అసలైన సంపాదన అప్పటికి మొదలయ్యెను గనుక అతడు మరి రెండేండ్లకు నిలిచిపోయెను. తల్లి యింకను కుమారుని ముఖము ఫోనులోనే చూచుచున్నది. తండ్రి నన్ను ఒక్కమాటయు అనలేదు. తన రెండవ కుమారునికి పని వచ్చినదని మొన్న కాగితము తెచ్చి నాముందు పెట్టి, "పంతులుగారూ, ఈసారి వ్యయము కూడ చూడుడు" అనెను. ఇద్దరమును పలకయు బలపమును తీసికొని కూర్చుంటిమి.

మీరును అట్లే కూర్చుందురుగాక. సెలవు.