వేసవిలో పసిబిడ్డ చర్మము



రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనవారందురు. రాతి గతియే అట్లుండగా నాలుగైదు నెలల పసికందు చర్మమునకు ఆ యెండ యేమి చేయునో చెప్పనక్కఱలేదు. అందును కొందఱు బిడ్డల చర్మము పుట్టుకతోనే బలహీనమైనది. వారి బుగ్గలు ఎఱ్ఱబడి, గరుకుదేఱి, ఒక్కొక్కప్పుడు రసి కారుచుండును. రాత్రియంతయు బిడ్డ తలను పక్కబట్టకు రాచికొని యేడ్చును. దీనిని వైద్యులు ఎగ్జిమా యందురు. తల్లులకు చెప్పవలసినది మీకేల చెప్పుచున్నానందురేమో. మన యిండ్లలో పసిబిడ్డకు నీళ్లు పోయు విధమును, మందు పూయు విధమును నిర్ణయించునది పెక్కు తావుల తల్లి కాదు, పెద్దలగు మీరే.

ముందుగా పేరును గుఱించి యొక మాట. తామర యను నొక్క పేరుతోనే మనము రెండు వేర్వేఱు వ్యాధులను పిలుచుచున్నాము. ఒకటి బూజుజాతి సూక్ష్మజీవి వలన గుండ్రముగ వ్యాపించునది, అది అంటును. రెండవది ఈ ఎగ్జిమా, ఇది అంటదు. పేరొక్కటి యగుటచే తాతగారి తామరకు తెచ్చిన మందునే మనుమని బుగ్గకు పూయుట జరుగుచున్నది. అట్టి లేపనములు కొన్నింటిలో సాలిసిలిక్ ఆమ్లము వంటి, చర్మమును ఒలుచు ద్రవ్యములుండును. అవి పసిబిడ్డకు పనికిరావు. గజ్జి వేఱు. ఇంటిలో మఱి యిద్దఱు ముగ్గురికి రాత్రివేళ దురద హెచ్చుచుండి, బిడ్డ అరచేతులందును అరికాళ్లందును పొక్కులున్నచో గజ్జియని అనుమానింపవలెను. చెమటకాయలు మెడమీదను వీపుమీదను సన్నగా లేచి, చల్లనిచోట నుంచినచో కొలదిదినములలో అణగును. ఎగ్జిమా యట్లు గాదు. తగ్గినట్లే తగ్గి మరల వచ్చుచుండును.

కాలీకాలని కుండలో నీరు నిలువనట్లు ఈ బిడ్డల చర్మమున తేమ నిలువదు. బయటి చెమట, దుమ్ము, సబ్బు లోనికి చొఱబడి మంట పుట్టించును. చర్మమునకు గట్టిదనము నిచ్చు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు లోపించుట పలువురిలో దీనికి మూలమని 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఉబ్బసము గల కుటుంబములలో ఇది యెక్కువగా కనబడును. కావున బాలింత వంకాయ తిన్నందున వచ్చినదనియు, దిష్టి తగిలినదనియు అనుట న్యాయము కాదు. కోడలిని నిందించుటకు ఈ వ్యాధి చాల అనుకూలముగా నున్నది గాని, ఆమె చేసిన తప్పేమియు లేదు. పథ్యము పేరిట ఆమె కడుపు మాడ్చుట వలన బిడ్డకు మేలు కలుగదు.

ఇక నీళ్లు పోయుట. కాళ్లపై పరుండబెట్టి, నూనె రుద్ది, సున్నిపిండితో నలుగు పెట్టి, పొగలు గ్రక్కు నీళ్లు పోసి, పిదప సాంబ్రాణి పొగ వేయుట మనకు తరతరముల యాచారము. అందలి ప్రేమను నేను కాదనను. కాని ఎగ్జిమా గల బిడ్డకు ఆ రాపిడియు, ఆ వేడియు, ఆ పొగయు మూడును కీడే. నీరు గోరువెచ్చగా నుండిన చాలును. అయిదు నిమిషములు మొదలు పది నిమిషములలో స్నానము ముగియవలెను. సున్నిపిండి వలదు, సబ్బు వాడవలసివచ్చినచో వాసన లేని మెత్తని సబ్బును మురికి యున్నచోటనే వాడవలెను. పాత నూలు పంచెతో అద్దవలెనే గాని తుడువరాదు. ఒడలిపై తేమ యుండగానే, రెండుమూడు నిమిషములలో, పెట్రోలియం జెల్లీ గాని వైద్యుడు చెప్పిన వాసన లేని క్రీము గాని పూయవలెను. అవి దొరకనిచో స్వచ్ఛమైన కొబ్బరినూనె మేలు. ఆవనూనె, ఆలివునూనె వలదు. వేపాకు ముద్ద, పసుపు, బూడిద పచ్చిపుండుపై పెట్టరాదు.

వేసవి అన్నిచోట్ల నొక్కటి కాదు. బందరు, కాకినాడ ప్రాంతములలో గాలి తేమగానుండి చెమట యాఱదు. అచ్చట పగటిపూట చిక్కని లేపనము దట్టముగా పట్టించినచో చెమట లోననే చిక్కి దురద హెచ్చును. పగలు పలుచని క్రీము, రాత్రి జెల్లీ వాడుట మంచిది. అనంతపురము వంటి పొడిసీమలో గాలియే చర్మమును ఎండించును గనుక దినమునకు మూడు నాలుగు మాఱులు పూయవలసియుండును. వట్టివేళ్ల తడికలు అచ్చట చల్లదనము నిచ్చినట్లు సముద్రతీరమున నీయవు. ఎచ్చటనైనను చెమట పట్టినప్పుడు తడిబట్టతో నద్దవలెను. టాల్కము పౌడరు చల్లరాదు. అది బిడ్డ ఊపిరితిత్తులలోనికి పోవును. ఎండకాలమున ఉన్ని టోపీ యెందులకో నాకు బోధపడదు. వదులైన పాత నూలుచొక్కాయి చాలును. గోళ్లు పొట్టిగా నుంచుడు.

ఎఱ్ఱదనము హెచ్చినప్పుడు వైద్యులు హైడ్రోకార్టిసోను వంటి మృదువైన స్టిరాయిడు లేపనము నిత్తురు. ఇట్టి లేపనము చర్మవ్యాధులకు మేలు చేయునని 1952లో వెల్లడియైనది. భయపడి సగములో మానుట యెంత చెఱుపో, దుకాణములో నడిగి తెచ్చిన బలమైన మిశ్రమ లేపనమును నెలల తరబడి పూయుట అంతకంటె చెఱుపు, చర్మము పలుచబడిపోవును. పెద్దల చూపుడువ్రేలి కొనకణుపు పొడవున పిండిన మందు రెండు అరచేతులంత మేరకు సరిపోవును. ఎన్నిదినములు పూయవలెనో వైద్యుని నడిగి వ్రాయించుకొనుడు.

దాహమని ఆఱు నెలలు నిండని బిడ్డకు నీరు పట్టింపరాదు. ఎంత యెండయైనను తల్లిపాలే చాలును, మాటిమాటికి కుడుపవలెను. టీకాలను ఈ వ్యాధి కారణముగా ఆపరాదు.

పుండుపై తేనెవన్నె పక్కు కట్టినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను, బిడ్డ పాలు త్రాగకున్నను తడయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి చిన్న గుంటలవలె నయినచో నాడే పోవలెను, తెల్లవాఱనిండని యనరాదు. పెదవిపై పొక్కు లేచిన పెద్దల ముద్దు వలన ఎగ్జిమా బిడ్డకు ఇట్టి పొక్కులు రావచ్చును. ఆ పొక్కు పూర్తిగా మానువఱకు తాతయైనను, అమ్మమ్మయైనను బిడ్డను ముద్దాడక ఓర్చుకొనవలెను.