"నేనే చెప్పాను"
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఈ సభ జరుపుకోవడానికి కారణం మీకు తెలిసిందే. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను సర్కారు వారి దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. 'దయ' అన్నచోట 'హక్కు' అనేసరికి మనం తలెత్తుకుని నిలబడ్డాం. ఆఫీసులో పై అధికారి మాటకూ అంత బలం ఉంది. నా సర్వీసులోని రెండు అనుభవాలు మనవి చేస్తాను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. అప్పుడు నేనొక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. జనం కట్టుబట్టలతో వచ్చి మా వరండాలో కూర్చున్నారు. మంజూరు ఉత్తర్వు ఇంకా రాలేదు. మా తహసిల్దారు గారు, "బియ్యం ఇచ్చేయవయ్యా, కాగితం తర్వాత చూసుకుందాం" అన్నారు. ఇచ్చేశాను. అందరి వేలిముద్రలూ తీసుకోలేకపోయాను.

ఏడాదిన్నర తర్వాత ఆడిట్ వారు అభ్యంతరం పెట్టారు. బియ్యం ఖరీదు నా జీతంలో రికవరీ చేయాలన్నారు. తహసిల్దారు గారు అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయారు. భయపడుతూనే ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. బియ్యం ఇమ్మని నేనే చెప్పాను, గుమాస్తా తప్పు లేదు అని రాసి, కింద సంతకం పెట్టారు. రికవరీ ఆగిపోయింది.

ఇరవై ఏళ్ల తర్వాత మరో ఆఫీసులో ఇంకొక అధికారి. మీటింగు పెడితే "మనమంతా ఒకే కుటుంబం" అనేవారు. ఫైలు మీద మాత్రం ఒక్క ముక్క రాసేవారు కాదు. "పంపించేయండి, నేనున్నాగా" అనేవారు. ఒక బిల్లు విషయంలో పై నుంచి సంజాయిషీ అడిగితే, సెక్షన్ వారు తన దృష్టికి తేలేదని రాశారు. నాకు ఒక ఇంక్రిమెంటు ఆగింది.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ రోజు నుంచి ఆయన నోటిమాట మీద ఎవరూ కాగితం కదపలేదు. ప్రతి చిన్న పనికీ "ఆదేశముల కొరకు" అని రాసి ఫైలు పైకి పంపేవాళ్లం. ఒక పూటలో అయ్యే పనికి పక్షం రోజులు పట్టేది. దాని ఫలితం అనుభవించింది కిటికీ అవతల నిలబడ్డ రైతు.

మొదటి ఆయన కోపిష్టి. తిట్టని రోజు లేదు. అయినా ఆయన చెబితే అర్ధరాత్రయినా పని చేసేవాళ్లం. రెండో ఆయన ఎవరినీ పరుషంగా ఒక్క మాట అనలేదు. తీయగా మాట్లాడితేనే నమ్మకం రాదు, అన్న మాట నాదేనని కష్టంలో ఒప్పుకుంటే వస్తుంది.

మన సంఘం నాయకులకూ ఒక విన్నపం. ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చిన తల్లిని "చూద్దాంలేమ్మా" అని పంపకండి. "ఫలానా కాగితం తక్కువైంది, సోమవారం నేను ట్రెజరీకి వస్తాను" అని చెప్పండి. చెప్పాక, సోమవారం తప్పకుండా వెళ్లండి.