పాత టైర్లు – పిల్లల ఆటస్థలములు

పల్లెలో పెరిగినవారికి ఈ దృశ్యము గుర్తుండకపోదు. బడి విడిచిన వేళ, గుండీలు ఊడిన చొక్కాతో ఒక కుర్రవాడు పాత సైకిలు టైరును చిన్న పుల్లతో కొట్టుచు ఊరి బాట వెంట పరుగెత్తుచుండును. వాని వెనుక మరి నలుగురు. ఆ టైరు కొన్నది కాదు, ఎవరును బహుమతిగా ఇచ్చినది కాదు. మరమ్మతు దుకాణము వెనుక పారవేసినది. పెద్దల లెక్కలో దాని పని ముగిసినది. పిల్లవాని లెక్కలో అప్పుడే మొదలైనది. ఇట్టి పాత టైర్లను పార్కులలో కూర్చుండుటకును, ఆడుకొనుటకును పనికి వచ్చునట్లు అమర్చుట నేటి ప్రసంగ విషయము. ఆలోచన మంచిదే. కాని దానిలో ఒక ప్రమాదము దాగియున్నది. ఆ రెంటిని గూర్చియు మీతో ముచ్చటింపదలచితిని.

టైరునకును పిల్లల ఆటకును గల చుట్టరికము నేటిది కాదు. 1887లో ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు నివసించుచుండెను. ఆయన కుమారునికి ఒక మూడు చక్రముల బండి యుండెను. గతుకుల వీధులలో అది పిల్లవానిని కుదిపివేయుచుండెను. తండ్రి రబ్బరు గొట్టములో గాలి నింపి ఆ చక్రములకు అమర్చెను. బండి మెత్తగా సాగెను. మరుసటి యేట ఆయన దానికి పేటెంటు పొందెను. అంతకు నలువది యేండ్లకు పూర్వమే రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు వాసి గాలి టైరును కనిపెట్టియుండెను గాని, అది వ్యాప్తిలోనికి రాలేదు. నేడు బస్సులను, లారీలను మోయుచున్న గాలి టైరు ప్రచారమునకు వచ్చినది ఒక పిల్లవాని ఆటబండి మూలముననే.

టైరు యొక్క గొప్ప గుణమే తరువాత గొప్ప చిక్కుగా పరిణమించినది. పచ్చి రబ్బరు ఎండకు కరగి జిగురగును, చలికి బిగుసుకొని పెళుసగును. 1839లో అమెరికా దేశీయుడైన ఛార్లెస్ గుడియర్ దానిలో గంధకము కలిపి వేడి చేసినచో ఆ దోషములు పోవునని కనుగొనెను. గంధకము రబ్బరు పోగులను ఒకదానితో నొకటి ముడివేయును. ఆ ముడులు ఎంత గట్టివనగా, లోహమును కరగించి మరల పోత పోసినట్లు పాత టైరును కరగించి క్రొత్త టైరు చేయుటకు వీలులేదు. మట్టిలో పాతినను అది తరతరములకు చివుకదు. పైగా దానిలో ఉక్కు తీగలును, నైలాను వంటి పోగులును, నల్లని కర్బనపు పొడియు పెనవేసికొని యుండును.

తగులబెట్టిన నేమి యని కొందరడుగుదురు. 1990 ఫిబ్రవరిలో కెనడా దేశమున హేగర్స్‌విల్ అను చోట గుట్టలుగా పోసిన పాత టైర్లకు నిప్పంటుకొన్నది. కోటికి పైగా టైర్లున్న ఆ గుట్ట 17 దినములు మండినది. నల్లని పొగ ఆకాశమును కప్పినది. కరగిన నూనె నేలలోనికి ఇంకినది. చలికాలమున మన వీధి చివర చలిమంటలో వేయు ఒక్క టైరు కూడ చిన్న మేరకు అదే పని చేయును. ఆ పొగలో ఊపిరితిత్తులకు హాని చేయు వాయువులును, మసియు నుండును. కావున టైరును కాల్చుట పరిష్కారము కాదు.

అరిగిన టైరునకు ముందుగా దక్కవలసినది రీట్రెడింగు. లోపలి కట్టు గట్టిగా నున్నంతవరకు పైపొర మార్చి మరల నడపవచ్చును. అందుకును పనికిరానివానిని గూర్చి మన దేశమున 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. వాని ప్రకారము టైర్లు తయారుచేయు సంస్థలే, దిగుమతి చేయువారే, వాడి పారవేసిన టైర్ల పునర్వినియోగమునకు బాధ్యత వహింపవలెను. దేశములోని పాత టైర్లన్నిటిని పార్కులు ఇముడ్చుకొనజాలవు. ఆ మాట ముందే ఒప్పుకొనుట మంచిది. పార్కులో టైరును వాడుట టైర్ల సమస్య తీర్చుటకు కాదు. ఆటస్థలము లేని పిల్లలకు స్వల్ప వ్యయముతో ఆటస్థలము కల్పించుటకు. ఈ ఉద్దేశ్యము మరచినచో పార్కు చెత్తకుప్ప యగును.

పారవేసిన వస్తువులతో పిల్లలను ఆడుకొననిచ్చుటలో గల విలువను గుర్తించినవారిలో సి. టి. సోరెన్‌సెన్ అను డేనిష్ ఉద్యానశిల్పి ముఖ్యుడు. తాను శ్రద్ధతో తీర్చిన ఆటస్థలములకంటె, ఇండ్లు కట్టుచోట పడియున్న చెక్కలతోను ఇటుకలతోను పిల్లలు మిక్కిలి ఉత్సాహముతో ఆడుకొనుట ఆయన గమనించెను. ఆ భావనతో 1943లో, డెన్మార్కు జర్మనీ ఆక్రమణలో నున్న కాలమున, కోపెన్‌హేగన్ నగరపు ఎమ్‌డ్రప్ ప్రాంతములో ఒక విచిత్రమైన ఆటస్థలము వెలసినది. యుద్ధానంతరము, 1946లో, లేడీ ఆలెన్ అను ఆంగ్ల వనిత దానిని చూచి, బాంబులు పడి బోడులైన ఇంగ్లండు నగర స్థలములలో అట్టివి నెలకొల్పవలెనని కృషి చేసెను.

టైర్ల విషయమున లోకమునకు చిరపరిచితమైనది జపానులోని నిషి-రొకుగో పార్కు. టోక్యో నగరము దక్షిణ భాగమున, ఓటా వార్డులో, రైలు మార్గము ప్రక్కన అది యున్నది. అక్కడి వారు దానిని టైర్ల పార్కనియే పిలుతురు. సుమారు 3,000 పాత టైర్లతో దానిని తీర్చినారు. టైర్లు పేర్చి చేసిన పెద్ద రాక్షసి బొమ్మ ఆకాశమునకు తల యెత్తి నిలిచియుండును. పిల్లలు ఎక్కుటకు, ఊగుటకు, దూరుటకు, దుముకుటకు టైర్లే. క్రింద ఇసుక. ఖరీదైన యంత్రమేదియు లేదు. తరతరముల పిల్లలు అచ్చట ఆడి పెద్దవారై, తమ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చుచున్నారు.

మన దేశమునను ఈ యత్నము సాగుచున్నది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో వాస్తుశిల్పము చదివిన పూజా రాయ్ విద్యార్థినిగా నున్నప్పుడే, ఆటవస్తువులు లేని పేద పిల్లలకొరకు పాత టైర్లతో ఆటస్థలమును నిర్మింపజేసినది. ఆమె బెంగళూరులో స్థాపించిన యాంట్‌హిల్ క్రియేషన్స్ అను సంస్థ అనేక రాష్ట్రములలో, పాఠశాలలలోను పార్కులలోను, వందలకొలది ఇట్టి ఆటస్థలములను రూపొందించినది. కావున ఇది మనకు సాధ్యమా యను ప్రశ్నకు తావు లేదు. ఎట్లు చేయవలెననునదే ప్రశ్న.

ఈ ప్రశ్న నా మనస్సున నాటుకొనుటకు ఒక కారణమున్నది. కొన్నియేండ్ల క్రిందట మా పేటలోని చిన్న పార్కులో ఇరువదికి పైగా టైర్లు తెచ్చి, రంగులు పూసి, వరుసగా నిలిపిరి. రిబ్బను కత్తిరించిరి, ఫోటోలు తీసిరి. పిల్లల సంతోషమునకు మేర లేకుండెను. వేసవి గడచి వానలు పడెను. ఆ నెలలోనే మా పొరుగింటి ఆరేండ్ల పాపకు డెంగీ జ్వరము వచ్చి ఐదు దినములు ఆసుపత్రిలో నుండెను. దైవము చల్లగా చూచుటచే కోలుకొన్నది. ఏ దోమ ఎచ్చట పుట్టి కుట్టినదో ఎవరు చెప్పగలరు? కాని ఆ సాయంకాలము నేను టార్చిలైటు తీసికొని పార్కునకు పోయి టైరు లోపలికి చూచితిని. నిలిచిన నీటిలో దోమపురుగులు మెలికలు తిరుగుచుండెను. మరియొక టైరులోను అంతే. ఆ టైర్లకు నీరు పోవు దారి ఎవరును ఉంచలేదు.

టైరు ఆకారమే దోమకు అనుకూలమైనది. నిలువుగా నుంచినను, అడ్డముగా వేసినను, లోపలి గూటిలో నీరు నిలుచును. వంచినను పూర్తిగా కారిపోదు. లోపల నీడ, చల్లదనము. డెంగీని వ్యాపింపజేయు ఏడిస్ దోమ నీటి మట్టమునకు కొంచెము పైగా, గోడకంటుకొనునట్లు గ్రుడ్లు పెట్టును. నీరు ఎండిపోయినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చావక, మరల నీరు తగిలినంతనే పొదగబడును. ఆ పిమ్మట వారము, పది దినములలో దోమ రెక్కలతో పైకి లేచును. అది కుట్టునది పగటిపూట, అనగా పిల్లలు ఆడుకొను వేళ. 1985లో ఏడిస్ జాతికే చెందిన ఆసియా పులిదోమ అమెరికాలోని హ్యూస్టన్ నగరమున స్థిరపడినట్లు కనుగొనిరి. ఓడలలో దిగుమతియైన పాత టైర్లతో దాని గ్రుడ్లు సముద్రము దాటినవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

మరునాడు విశ్రాంత ఉపాధ్యాయులొకరును, నేనును, వీధి మొగనున్న పంక్చరు దుకాణపు యువకుని పిలిచికొని పోయితిమి. అతడు డ్రిల్లు పట్టి నవ్వుచు, “ఇన్నాళ్ళూ టైరుకు పడ్డ తూట్లు మూసి బతికానండీ, ఇవాళ మీరు నాచేత తూట్లు పొడిపిస్తున్నారు” అనెను. ఆ నవ్వులో మొత్తము కిటుకంతయు నున్నది. రోడ్డు మీద తూటు పడిన టైరు పనికిరాదు. పార్కులో తూటు లేని టైరు పనికిరాదు. రంధ్రము అంగుళమునకు తక్కువగా నుండరాదు. రబ్బరు ముడుచుకొను స్వభావము గలది గనుక సన్నని రంధ్రము మూసికొనిపోవును, లేదా మట్టితో పూడును. పడుకొనబెట్టిన టైరునకు అడుగు ప్రక్కన నాలుగు దిక్కుల నాలుగు రంధ్రములు, ఊయలగా వ్రేలాడదీసిన టైరునకు మిక్కిలి దిగువ భాగమున మూడు నాలుగు రంధ్రములు ఉండవలెను. నిలువుగా పాతు టైరును సగము వరకు నేలలో దించి, భూమి మట్టము వరకు లోపల కంకర నింపవలెను. అప్పుడు నీరు నిలుచుటకు గూడే యుండదు.

పెద్దలు కూర్చుండుటకు ఆసనము చేయుట మరింత సులభము. చిన్న కారు టైరు ప్రక్క మీద 165 లేక 175 అను అంకె యుండును. అది టైరు వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. అట్టివి రెండు ఒకదానిపై నొకటి పేర్చి, బోల్టులతో బిగించి, లోపల ఖాళీ లేకుండ మట్టియు కంకరయు కూరి దిమ్మిస చేసినచో, ఇంచుమించు పదునాలుగు అంగుళముల ఎత్తు వచ్చును. పైన చెక్క పలక బిగించినచో ఆసనము సిద్ధము. వరండాలో వానకు తడియని చోటనైనచో, మన నులక మంచము అల్లినట్లే టైరు నోటిపై నులక అల్లవచ్చును. పసిపిల్లలకు ఒక్క టైరు చాలును.

మరి మూడు జాగ్రత్తలు చెప్పి ముగించెదను. మొదటిది ఎండ. మన వేసవిలో నల్లని రబ్బరు ముట్టరానంతగా కాలును. కావున టైర్లను వేప, కానుగ చెట్ల నీడలో నుంచి, లేత రంగులు పూయవలెను. రెండవది ఉక్కు తీగ. ఇప్పటి కారు, లారీ టైర్లలో ఉక్కు అల్లిక యుండును. కోసినచో తీగ మొనలు పైకి వచ్చి చేతులు చీరును. అట్టివానిని కోయక నిండుగానే వాడవలెను. తీగ కనబడు టైరును తెచ్చుటయే కూడదు. మూడవది రబ్బరు పొడి. పాత రబ్బరులో ఆరోగ్యమునకు మేలు చేయని రసాయనములు కలవు. ఐరోపా దేశములలో ఆటస్థలములపై చల్లు రబ్బరు పలుకులలో అట్టి కొన్నిటికి 2022 నుండి కఠినమైన పరిమితి విధించిరి. నిండు టైరు వేరు, పొడి వేరు. ఐనను పిగిలి పొడి రాలు టైరును వెంటనే తీసివేయవలెను. టైర్లలో ఆకుకూరలు పెంచరాదు. ఆడి వచ్చిన పిల్లలు చేతులు కడుగుకొని గాని అన్నమునకు కూర్చుండరాదు.

ఇవన్నియు ఒకనాటి పనులు. కాని పార్కు ఒకనాటిది కాదు. రంగు వెలియును, బోల్టు వదులగును, రంధ్రము పూడును. ప్రభుత్వ ఆరోగ్య శాఖలు శుక్రవారమును డ్రై డేగా పాటింపుడని చెప్పుచున్నవి. ఇంటిలోని తొట్లు, కుండీలు చూచుకొనుట అయిన పిమ్మట, పావు గంట మీ వీధి పార్కునకు పోయి టైర్ల లోపల ఒకసారి చేయి పెట్టి చూడుడు. తడి తగిలినచో ఒక పుల్లతో రంధ్రము శుభ్రపరచుడు. మా పేటలో ఈ పనిని ఇప్పుడు పిల్లలే వంతులు వేసికొని చేయుచున్నారు. జ్వరము పడి లేచిన ఆ పాప వారిలో అందరికంటె ముందు నడచును. తన వంతు నాడు ప్రతి టైరునకు ఎన్ని రంధ్రములు తెరచియున్నవో లెక్క పెట్టి వచ్చి, మాకు అప్పజెప్పిన తరువాతనే ఊయల ఎక్కును.