తుఫాను రోజు, లేవలేని మనిషి సంగతి

నేను డాక్టర్ని కాదు, మీలాగే సైటు మీద ఎండలో నిలబడేవాణ్ణి. అయినా ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

మనలో చాలామందికి ఊళ్లో కదల్లేని మనిషి ఒకరుంటారు. పక్షవాతం వచ్చిన నాన్న కావచ్చు, పోలియో వచ్చిన అక్క కావచ్చు. లేదా మనతోనే పనిచేస్తూ పరంజా మీంచి పడి, నడుం విరిగి ఇంటికెళ్లినవాడు కావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం అన్న మాట వినపడగానే ఇంటికి ఫోన్ చేసి "జాగ్రత్త" అంటాం. ఆ జాగ్రత్త అంటే ఏం చెయ్యాలో మాత్రం చెప్పం.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 8వ సెక్షన్ ఇందుకే ఉంది. జిల్లాలో ఉన్న వికలాంగుల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ అధికారుల దగ్గర ఉండాలి, ప్రమాదం వస్తుందంటే వాళ్లకి కబురు అందాలి అని రాసుంది. రాసుంది కదా అని కూర్చోకండి. ఇంట్లోవాళ్లని సచివాలయానికో, పంచాయతీ ఆఫీసుకో పంపించి, "మా ఇంట్లో లేవలేని మనిషి ఉన్నాడు, జనాన్ని తరలించేటప్పుడు ముందు మాకు బండి పంపండి" అని పేరు రాయించమనండి. ఆశా కార్యకర్తకి కూడా చెప్పమనండి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ఫోటోలు మీ ఫోన్లో కూడా ఉంచుకోండి. కాగితాలు తడిసిపోతే అవే దిక్కు.

ఇంకోటి, కరెంటు. 2014లో హుద్‌హుద్‌కి విశాఖలో, 2018లో తిత్లీకి శ్రీకాకుళంలో రోజుల తరబడి కరెంటు లేదు. పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు మోటారుతో నడుస్తుంది. కరెంటు పోతే గాలి తగ్గిపోయి మనిషి చెక్క మీద పడుకున్నట్టే. నడుం కింద స్పర్శ లేనివాడికి ఒళ్లు ఒరుసుకుపోతున్నా తెలీదు. అందుకని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. వంతులు ముందే అనుకోవాలి. మందులు, మూత్రం గొట్టం, సంచి వారానికి సరిపడా ఒక కవర్లో కట్టిపెట్టాలి.

తరలించేటప్పుడు మనిషిని ఎత్తుకుని వీల్‌చైర్ వదిలేస్తారు. బండిలో చోటు లేదంటారు. వదలొద్దు. కుర్చీ లేకపోతే షెల్టర్లో అతను బాత్రూంకి కూడా పోలేడు, నీళ్లు తాగడమే మానేస్తాడు. షెల్టర్‌కి ర్యాంప్ ఉందో లేదో వాన రాకముందే ఎవరైనా వెళ్లి చూసి రావాలి.

ఇక మన సంగతి. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ పడ్డ వాన 75 ఏళ్లలో లేదన్నారు. అల్ అయిన్ దగ్గర ఒక్కచోటే 254.8 మిల్లీమీటర్లు. కాలికి కట్టు ఉన్నవాణ్ణి మెట్లు ఎక్కలేడని కింది గదిలో పెడతాం. మంచి మనసుతోనే పెడతాం, కానీ నీళ్లు ముందొచ్చేది ఆ గదికే. కాబట్టి వాణ్ణి పైకి మోసే ఇద్దరెవరో ముందే పేర్లు అనుకోండి. గట్టి కుర్చీలో కూర్చోబెట్టి ముందొకరు, వెనకొకరు పట్టుకోవాలి. లిఫ్ట్ వద్దు. పిండికట్టు తడిస్తే మెత్తబడి ఎముక కదులుతుంది, డాక్టరుకి చూపించాలి.

గోడ కూలి ఎవరైనా పడితే చంకల కింద చేతులేసి లాగి కూర్చోబెట్టకండి. మనవాళ్లు ముందు చేసేది అదే. కాళ్ల వేళ్లు కదుపుతున్నాడా అడగండి. నీళ్లో, మంటో మీదికొస్తే తప్ప కదపొద్దు. కదపాల్సి వస్తే ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకుని, మిగతావాళ్లు దుంగని దొర్లించినట్టు ఒళ్లంతా ఒకేసారి తిప్పి పలక మీదకి చేర్చాలి. అంబులెన్సు 998, పోలీసు 999, సివిల్ డిఫెన్స్ 997.

ఈ వారంలో ప్రతి బ్లాకు నుంచి ఒకరు, కింది గదుల్లో కట్టుతో ఉన్నవాళ్ల పేర్లు, మోసేవాళ్ల పేర్లు రాసి నాకు పంపండి. క్యాంపు బాస్‌కి నేనే ఇస్తాను.